గానుగెద్దు మాదిరి ఎనిమిది నెలలు: సెకండ్‌హ్యాండ్ సైకిల్ రోలర్ల సంగతి

కింది ఫ్లాటు అంకుల్ మొదటిసారి మా బెల్లు కొట్టింది ఫిబ్రవరిలో. నెల్లూరాయన, రైల్వేలో చేసి రిటైరయ్యారు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి చాలా మర్యాదగా అడిగారు: “ఏమయ్యా, ఇంట్లో పిండిమర గాని పెట్టుండావా?”

పిండిమర కాదు, సైకిల్ రోలర్లు. 2025 జనవరిలో, ఇక్కడ బెంగళూరులోనే, యలహంక వైపు ఒక కుర్రాడి దగ్గర 9,500 రూపాయలకు కొన్నాను. వాటి గురించి తెలుగులో రాసినవాళ్లు నాకెవరూ కనపడలేదు. కొనే ముందు ఇలాంటిది ఒకటి చదివి ఉంటే నాకు సగం తిప్పలు తప్పేవి. అందుకే రాస్తున్నా.

తెలియనివాళ్లకు ముందు వస్తువేంటో చెప్తాను. ఒక ఇనుప చట్రం, దానికి అడ్డంగా మూడు అల్యూమినియం డ్రమ్ములు. వెనక రెండు డ్రమ్ముల సందులో సైకిల్ వెనక చక్రం కూర్చుంటుంది, ముందు చక్రం మూడోదాని మీద. ముందు డ్రమ్ముకీ మధ్య డ్రమ్ముకీ ఒక బెల్టు. మీరు తొక్కితే వెనక చక్రం డ్రమ్ముల్ని తిప్పుతుంది, బెల్టు ముందు డ్రమ్మును తిప్పుతుంది, దాంతో ముందు చక్రం కూడా తిరుగుతుంది. అంతే. సైకిల్‌ని పట్టుకుని ఉండేది ఏదీ లేదు. బోల్టు లేదు, క్లాంపు లేదు. తొక్కుతున్నంతసేపు నిలబడుతుంది, ఆపితే పక్కకి ఒరుగుతుంది. వెనక చక్రాన్ని స్టాండుకి బిగించి తొక్కే ట్రైనర్ వేరు, ఇది వేరు. కొనేటప్పుడు చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

మరి నాలాంటి భుజం జారిన మనిషి ఇలాంటిది ఎందుకు కొన్నాడంటే, దానికి కారణం ఒక డచ్ కుర్రాడు.

2024 జూలై ఆఖర్లో ఆఫీసు నుంచి వస్తుంటే వాన నీళ్లు నిండిన గుంతలో నా సైకిల్ ముందు చక్రం దిగింది. గుంత అని తెలిసింది దిగాకే. కుడి భుజం గూడు తప్పింది. ఆర్థోపెడిక్ డాక్టర్ దాన్ని లోపలికి నెట్టినప్పుడు వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ రాత్రిపూట గుర్తొస్తుంది. చేతికి స్లింగ్ వేసి, మూడు నెలలు రోడ్డు మీద సైకిల్ ముట్టుకోవద్దన్నారు. ఇంట్లో కూర్చుని ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని పారిస్ ఒలింపిక్స్ చూడ్డం మొదలుపెట్టాను.

అప్పటిదాకా సైకిల్ రేసు అంటే నాకు టూర్ డి ఫ్రాన్స్ ఒక్కటే. వెలోడ్రోమ్‌ని, అంటే సైకిల్ పందేల కోసం వాలుగా కట్టిన ట్రాక్‌ని, కళ్లారా చూసింది ఒకసారే, హైదరాబాద్‌లో చదివేటప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లో. ఆ సిమెంటు వాలు చూసి దీని మీద సైకిల్ తొక్కేవాళ్లు కూడా ఉంటారా అనుకున్నాం. ఒలింపిక్స్ రేసులు జరిగిన, పారిస్ పక్కన సాన్-కాంతాన్-ఆన్-ఇవెలీన్‌లో ఉన్నది చెక్క ట్రాక్, చుట్టూ తిరిగొస్తే 250 మీటర్లు. వంపుల దగ్గర గోడలా లేస్తుంది. సైకిళ్లకు బ్రేకులుండవు, గేర్లుండవు, ఫ్రీవీల్ కూడా ఉండదు. చక్రం తిరిగినంతసేపు కాళ్లు తిరగాల్సిందే.

ఆగస్టు 7న స్ప్రింట్ క్వాలిఫైయింగ్. 200 మీటర్లు, ఒక్కొక్కరే. ఆస్ట్రేలియా కుర్రాడు మాథ్యూ రిచర్డ్‌సన్ 9.091 సెకన్లలో పూర్తిచేశాడు. ప్రపంచ రికార్డు. జనం ఇంకా చప్పట్లు కొడుతుండగానే నెదర్లాండ్స్ వాడొకడు వచ్చి 9.088 కొట్టాడు. పేరు హారీ లావ్రైసన్. గంటకి 79 కిలోమీటర్ల పైమాట. నేను కాలిక్యులేటర్ తీసి ఆ 0.003 సెకన్ల తేడా నేల మీద ఎంతవుతుందో చూశాను. ఆరున్నర సెంటీమీటర్లు. బెత్తెడు కూడా లేదు.

వీడెవడా అని వెతికాను. 1997లో పుట్టాడు, బెల్జియం సరిహద్దు దగ్గర లైక్స్‌గెస్టెల్ అనే పల్లె. మొదట ఆడింది ట్రాక్ కాదు, బీఎంఎక్స్, అదే మట్టి గుట్టల మీద చిన్న సైకిళ్లతో ఎగిరే ఆట. భుజాలు పదేపదే దెబ్బతిని ఆ ఆట వదిలేయాల్సొచ్చింది. అలా ట్రాక్ మీదికి వచ్చాడు. అది చదివి నా స్లింగ్‌ని ఒకసారి సర్దుకున్నాను. భుజం పోయినవాడు ఇంతవాడయ్యాడంటే మనకీ ఏదో దారి ఉంటుందని నాలో ఒక పిచ్చి ఆశ మొదలైంది. వాడికి ఇరవై ఏళ్లు రాకముందు జరిగింది, నాకు నలభై ఒకటి. ఆ తేడా నాకు అప్పుడు తోచలేదు.

అప్పుడు మా అమ్మ ప్రొద్దుటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. స్ప్రింట్ రేసు నాతోపాటు చూసింది. ఇద్దరే దిగుతారు, మూడు రౌండ్లు. మొదటి రౌండు మామూలుగా నత్తనడకే. ఎందుకంటే ముందున్నవాడు గాలిని చీల్చాలి, వెనకవాడు వాడి చాటున ఊపిరి దాచుకుంటాడు. అందుకని ముందుకు పోవడానికి ఎవడూ ఇష్టపడడు. భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూ, ఒకడు పైకెక్కి ఇంకొకడు కిందికి దిగి దొంగాట ఆడుతుంటారు. అమ్మ కాసేపు చూసి, “ఏమిరా, పందెమని చెప్పి ఇట్ల నడుచుకుంటా పోతాండారు?” అంది. ఆఖరి రౌండులో ఇద్దరూ లేచేసరికి చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

వాళ్ల నాయనకి, అంటే మా జేజినాయనకి, గానుగ ఉండేది. “గానుగెద్దుకు గంతలు కట్టాల, లేకుంటే తల తిరిగి పడతాది. ఈ పిలగాండ్లు ఎట్ల తిరుగుతాండారబ్బా” అని ఆశ్చర్యపోయింది. హెల్మెట్‌కి ఉన్న నల్లద్దం చూపించి అదే గంత అని చెప్పాను. నమ్మేసింది.

ఆ వారంలో లావ్రైసన్ మూడు బంగారాలు కొట్టాడు. టీమ్ స్ప్రింట్‌లో రాయ్ వాన్ డెన్ బెర్గ్, జెఫ్రీ హోగ్లాండ్‌లతో కలిసి 40.949 సెకన్ల ప్రపంచ రికార్డు. స్ప్రింట్ ఫైనల్లో రిచర్డ్‌సన్ మీద 2-0. ఆఖరి రోజు ఆదివారం కీరిన్. ఇది జపాన్‌లో పుట్టిన ఆట. ముందు ఒక చిన్న మోటారు బండి పోతుంటుంది, దాని వెనకే అందరూ వరసగా వేగం పెంచుకుంటూ తొక్కాలి, మూడు రౌండ్లుండగా బండి పక్కకి తప్పుకుంటుంది. ఆ తర్వాత ఎవడి దారి వాడిది. ఆ ఫైనల్లో ముగ్గురు కిందపడ్డారు. నా ఎడమ చెయ్యి తనంతట తనే కుడి భుజాన్ని పట్టుకుంది. లావ్రైసన్ మొదట వచ్చాడు, రిచర్డ్‌సన్ మళ్లీ రెండు. ఒకే ఒలింపిక్స్‌లో ఈ మూడూ గెలిచిన మగవాళ్లు అంతకుముందు ఇద్దరే, 2008లో క్రిస్ హోయ్, 2016లో జేసన్ కెన్నీ. ఇద్దరూ బ్రిటన్ వాళ్లే.

ఇదంతా రోలర్ల రివ్యూలో ఎందుకంటే, ఆ ప్రసారాల్లోనే నేను రోలర్లు చూశాను. ట్రాక్ నడిమధ్య ఖాళీలో, మెడకి టవల్ వేసుకుని, కొందరైతే చేతులు వదిలేసి నీళ్లు తాగుతూ రోలర్ల మీద తొక్కుతుంటారు. ఒళ్లు వేడెక్కించుకోవడానికి. ఎంత తేలిగ్గా ఉందో అనిపించింది. రోడ్డు లేదు, గుంత లేదు, బస్సు లేదు. మన హాల్లో తొక్కుకుంటే ఎవరేమంటారు? అంకుల్ ఉన్నారన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఇక వస్తువు గురించి. ఏ కంపెనీదో నాకే తెలీదు, స్టిక్కర్ సగం చిరిగిపోయింది. అమ్మిన కుర్రాడు “బేరింగులు కొత్తవన్నా” అన్నాడు. ఇంటికి తెచ్చి డ్రమ్మును వేలితో తిప్పితే రెండు హాయిగా తిరిగాయి, మూడోది కాఫీగింజలు ఆడించినట్టు గరగరమంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీరు కొనేటప్పుడు సైకిల్ పెట్టక ముందే ఒక్కో డ్రమ్మును చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి వినండి. సిగ్గుపడొద్దు. నేను సిగ్గుపడి 600 పోగొట్టుకున్నాను.

మొదటి రోజు హాలుకీ బెడ్రూంకీ మధ్య ద్వారబంధంలో పెట్టుకున్నాను. ఎడమ చెయ్యి చెక్క మీద, కుడి చెయ్యి హ్యాండిల్ మీద. తొక్కాను. చక్రాలు తిరిగాయి, చప్పుడు లేచింది, మావాడు చప్పట్లు కొట్టాడు. ఎడమ చెయ్యి తీయగానే సైకిల్ చేపపిల్లలా కొట్టుకుంది. మళ్లీ చెక్క పట్టుకున్నాను. మూడు రోజులు అదే పని. నాలుగో రోజు పది సెకన్లు చేతులు రెండూ హ్యాండిల్ మీద ఉంచగలిగాను.

అక్కడ చేసే మొదటి తప్పు ముందు చక్రాన్ని చూడ్డం. చక్రాన్ని చూస్తే చక్రం వంకర పోతుంది. ఎదురుగా ఏదో ఒకటి పెట్టుకుని దాన్నే చూడాలి. నాకు ఎదురుగా కిరాణా కొట్టువాడిచ్చిన వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఉంది. ఎనిమిది నెలలుగా ఆయన్ని నేను చూసినంత ఏకాగ్రతతో మా ఇంట్లో ఇంకెవరూ చూసి ఉండరు.

రెండో తప్పు గట్టిగా పట్టుకోవడం. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. పడతానని భయం వేస్తే చేతులు బిగుస్తాయి, చేతులు బిగిస్తే భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఆ బిగువంతా హ్యాండిల్‌కి పోయి సైకిల్ తప్పుతుంది. నా ఫిజియోథెరపీ అమ్మాయి నాలుగు నెలలుగా “సార్, భుజం వదలండి, వదలండి” అని మొత్తుకుంటూనే ఉంది. నేను వదిలాననే అనుకునేవాణ్ణి. రోలర్లు ఒక్క వారంలో నా అబద్ధం బయటపెట్టాయి. కోడిగుడ్డు పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకుంటేనే నిలబడుతుంది. మార్చి వచ్చేసరికి కుడి భుజం నిజంగానే కిందికి దిగింది. ఇది వైద్య సలహా అనుకునేరు, కాదు. ఇలాంటిది కొన్నానని తెలిసి నా డాక్టర్ ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

పడ్డానా అంటే పడ్డాను. రెండో వారంలో. చాలామంది అడుగుతారు, డ్రమ్ము మీంచి జారితే సైకిల్ గోడలోకి దూసుకుపోతుందా అని. పోదు. చక్రాలు తిరుగుతున్నాయే గానీ మీరు ఉన్నచోటే ఉన్నారు కదా. టైరు నేలని తాకి కీచుమని అరిచి, ఒక కుదుపు కుదిపి ఆగిపోతుంది. మీరు పక్కకి పడతారు. నేను ఎడమవైపు సోఫా మీద పడ్డాను. కుడివైపు టీపాయి ఉండేది. ఆ రోజే దాన్ని బాల్కనీలోకి తోశాం.

ఆ పడ్డానికి కారణం తర్వాత తెలిసింది. ముందు డ్రమ్ము ఎక్కడుండాలో నేను చూసుకోలేదు. చట్రానికి వరసగా రంధ్రాలుంటాయి, మీ సైకిల్ పొడవుని బట్టి ముందు డ్రమ్మును జరపాలి. డ్రమ్ము ఇరుసు ముందు చక్రం ఇరుసు కంటే కాస్త ముందుకుండాలి. వెనక్కుంటే ఎంత నేర్చినవాడికైనా వణుకు తప్పదు. మావాడు ఎనిమిదో క్లాసు. దారానికి ఒక నట్టు కట్టి, చక్రం ఇరుసు నుంచి వేలాడదీసి, కింద డ్రమ్ముకి ఎంత దూరంలో పడుతుందో స్కేలుతో కొలిచాడు. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే పద్ధతే. రెండు రంధ్రాలు ముందుకి జరిపాం. అదే సైకిల్, అదే మనిషి, వణుకు సగం పోయింది. రెండు వారాలు నా భయాన్ని తిట్టుకున్నాను, తప్పంతా రంధ్రానిది.

చప్పుడు గురించి నిజం చెప్పాలి. ఎక్కువే. మాకు వినపడేది ఫ్యాను హోరు లాంటిది, దాన్ని భరించొచ్చు. కింద వాళ్లకి స్లాబులోంచి దిగే అదురు వేరు. వాషింగ్ మెషిన్ కింద పెట్టే రబ్బరు దిమ్మెలు నాలుగు, వాటి కింద పిల్లలాడుకునే ఫోమ్ మ్యాటు రెండు వరసలు వేశాను. గాడులున్న టైరు తీసేసి నున్నటి టైరు వేశాను. అంకుల్ లెక్క ప్రకారం పిండిమర మిక్సీ దాకా తగ్గింది. పొద్దున అయిదున్నరకి తొక్కడం మానేసి రాత్రి ఏడింటికి మార్చాను, ఎందుకంటే అది ఆయన న్యూస్ డిబేట్ పెట్టే టైము. ఇద్దరి చప్పుడూ కలిసిపోతుంది. అపార్ట్‌మెంట్లో పై ఫ్లోర్లలో ఉండేవాళ్లు ముందు కింది వాళ్లతో మాట్లాడి కొనండి. నేను చేసింది తిరగేసి చేశాను.

ఏప్రిల్లో బెల్టు తెగింది, సరిగ్గా తొక్కుతుండగానే. చిత్రమేంటంటే ముందు చక్రం వెంటనే ఆగదు, మెల్లగా నీరసపడుతుంది, సైకిల్‌కి మత్తొచ్చినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని దిగాను. విడిభాగం దొరుకుతుందా అంటే, కంపెనీ పేరే తెలీదు. ఎస్పీ రోడ్డు పక్క సందుల్లో బేరింగులూ బెల్టులూ అమ్మే కొట్లలో మూడింటికి తిరిగాను. మూడో కొట్టాయన హిందూపురం మనిషి. “ఏ మెషిన్‌కి సార్?” అన్నాడు. సైకిల్‌కి అన్నాను. “సైకిల్‌కి చైను కదా సార్ ఉండేది?” అని నా వైపు జాలిగా చూశాడు. ఫోన్లో వీడియో చూపించాక ఉత్సాహం వచ్చింది. గుండ్రటి ప్లాస్టిక్ తాడు లాంటి బెల్టు చుట్టలోంచి కొలిచి కోశాడు. కాలిన ఇనుప బద్దకి రెండు కొసలూ ఆనించి, అవి తేనెలా కరిగేదాకా ఉంచి, బద్ద లాగేసి రెండిటినీ అదిమి పట్టుకున్నాడు. లోపల ఇరవై అంకెలు లెక్కపెడుతున్నాడని పెదాలు చూస్తే తెలుస్తోంది. చల్లారాక అతుకు దగ్గర ఉబ్బిన ముద్దని బ్లేడుతో చెక్కాడు. వేలితో తడిమితే అతుకెక్కడో తెలీలేదు. 280 రూపాయలు. ఒకటి కాదు రెండు చేయించుకున్నాను. గరగరలాడే బేరింగు కూడా అక్కడే మార్పించాను.

ఇప్పుడు ఫలితం. బలం కావాలని కొంటే నిరాశే. ఈ డ్రమ్ముల్లో ఎదురు బరువేమీ లేదు, గాలికి తొక్కినట్టే ఉంటుంది. పెద్ద గేరు వేసి కాళ్లు వేగంగా ఆడిస్తేనే ఆయాసం వస్తుంది. లావ్రైసన్ తొడలు రోలర్ల మీద వచ్చినవి కావు, అవి జిమ్‌లో బరువులెత్తి తెచ్చుకున్నవి. రోలర్లు ఇచ్చేది కాళ్ల తీరు. మొదట్లో నా కాలు ప్రతి తొక్కుడుకీ కిందికి ఒక గుద్దు గుద్దేది, సైకిల్ గుర్రంలా ఎగిరేది. ఇప్పుడు నిమిషానికి వంద సార్లు తిప్పినా సీటు మీద కదలకుండా కూర్చోగలను. రోడ్డు మీద దానికి ఫలం కనపడింది. మొన్న ఆఫీసు దారిలో వాటర్ ట్యాంకరుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య రోడ్డు అంచున ఉన్న తెల్ల గీత మీద సరళరేఖలో పోయాను. ఒకప్పుడైతే దిగి నడిచేవాణ్ణి.

విసుగు కూడా ఉంది. ఇరవై నిమిషాలు దాటితే క్యాలెండర్లో స్వామి కూడా విసుక్కున్నట్టు కనిపిస్తాడు. ఫోన్ చూడలేం, చూస్తే పడతాం. అందుకని పాత రేసుల కబుర్లు తలచుకుంటూ తొక్కుతాను. లావ్రైసన్ 2018లో వాళ్ల దేశంలోనే, ఆపెల్‌డోర్న్‌లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్ప్రింట్ ఫైనల్లో ఆస్ట్రేలియా గ్లేట్జర్ చేతిలో ఓడాడు. 2019 నుంచి 2024 దాకా వరసగా ఆరేళ్లు ప్రపంచ స్ప్రింట్ టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు. 2024కి మొత్తం ప్రపంచ టైటిళ్లు 16, ఫ్రాన్స్ టూర్నాన్ 14ని దాటేశాడు. నాకు మాత్రం మనసు హోగ్లాండ్ మీదికి పోతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో లావ్రైసన్‌తో కలిసి టీమ్ స్ప్రింట్ బంగారం గెలిచాడు. స్ప్రింట్ ఫైనల్లో మళ్లీ వాడికే ఎదురుపడి మొదటి రేసు గెలిచి కూడా 1-2తో ఓడాడు. వేరే దేశంలో పుట్టుంటే ఎన్ని టైటిళ్లు వచ్చేవో. తర్వాత 2023లో మెక్సికో వెళ్లి కిలోమీటరు 55.433 సెకన్లలో తొక్కి తన పేరు మీద ఒక రికార్డు రాయించుకున్నాడు. అది చదివి నేను మా ఇంట్లోనే చప్పట్లు కొట్టాను.

మా ఆవిడ రివ్యూ వేరే ఉంది. ట్రెడ్‌మిల్ అయితే కనీసం బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చేది, ఇది దానికీ పనికిరాదు అంటుంది. మడిస్తే మంచం కింద పడుతుంది కాబట్టి ఊరుకుంది. కింద కారిన చెమట వెంటనే తుడవాలి, లేకపోతే చట్రానికి తుప్పు, టైల్స్‌కి మరక.

సైకిల్ తొక్కడం బాగా వచ్చి, తొక్కుడు తీరు మెరుగు చేసుకోవాలనుకునేవాళ్లు కొనండి. బరువు తగ్గాలనుకునేవాళ్లు, టీవీ చూస్తూ తొక్కాలనుకునేవాళ్లు వెనక చక్రం బిగించే ట్రైనర్ కొనుక్కోండి. భుజం జారినవాళ్లు కూడా అదే కొనాలి. గాడుల టైర్ల మౌంటెన్ సైకిల్‌కి అసలు వద్దు. అయిదుకి నా మార్కులు మూడున్నర. అర మార్కు హిందూపురం ఆయనది.

ఆగస్టు 16 సాయంత్రం తొక్కుతున్నాను. మావాడు బెడ్రూంలోంచి అరిచాడు: “నాన్నా, రిచర్డ్‌సన్ 200 మీటర్లు 8.857 కొట్టాడంట! టర్కీలో, కోన్యాలో. ఇప్పుడు బ్రిటన్ తరఫునంట!”

తొమ్మిది లోపలా అని తల తిప్పాను. క్యాలెండర్ పోయింది, డ్రమ్ము పోయింది, సైకిల్ కీచుమంది, నేను యథాప్రకారం సోఫా మీదున్నాను. భుజం తడుముకుంటుండగానే బెల్లు మోగింది.

అంకుల్. “ఏందయ్యా, ఈ పొద్దు మరలో గోధుమలు బదులు రాళ్లు పోసుండావే” అన్నారు.